పాలు పడనివారి చీజ్

రోలుగుంట చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు, ఆ వెంటనే టీ వస్తాయి. భోజనానికి కూర్చుంటే ఆఖర్న పెరుగో మజ్జిగో పడాల్సిందే. గేదె ఈనిందంటే జున్నుపాలు గిన్నెలో పోసి ఇరుగుపొరుగుకు పంపుతారు. అలాంటి చోట ఇంట్లో ఒకరికి పాలు, పాలతో చేసినవి ఏవీ పెట్టొద్దని డాక్టరు చెప్పారంటే ఆ ఇంటి వంటంతా మారిపోతుంది. పెద్దవాళ్ళు టీ మానేసి ఎలాగో సర్దుకుంటారు. పిల్లలతోనే కష్టం. ఇటు నర్సీపట్నం వెళ్ళినా, అటు చోడవరం వెళ్ళినా బేకరీ అద్దాల వెనక పిజ్జా కనిపిస్తుంది. తోటి పిల్లలు చీజ్ తీగలు సాగదీసుకుంటూ తింటుంటే పాలు పడని బిడ్డ చూస్తూ కూర్చోవాలి. ఆ బిడ్డకు పాలు లేని చీజ్ దొరుకుతుందా, ఇంట్లో చేసి పెట్టవచ్చా, పెడితే అది ఒంటికి ఏమిస్తుంది అన్నదే ఈ ప్రసంగంలోని విషయం.

అయితే ముందుగా ఒకటి తేల్చుకోవాలి. అసలు పాలు ఎందుకు పడటం లేదు?

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ చిన్నపేగు గోడల్లో తయారవుతుంది. పసితనంలో అది పుష్కలంగా ఉంటుంది, పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి జారి, అక్కడి బాక్టీరియా చేతిలో పులిసి కడుపుబ్బరం, గడబిడ, విరేచనాలు తెస్తుంది. ఇది రోగం కాదు, ప్రపంచంలో ఎక్కువమంది పెద్దవాళ్ళ శరీరతత్వమే అంత. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన వినోదినీ రెడ్డి, భారతీయుల్లో లాక్టేజ్ లోపం మీద 1972లోనే పరిశోధన ప్రచురించారు. 1981లో వెలువడిన మరో అధ్యయనంలో ఢిల్లీలో పరీక్షించినవారిలో 27 శాతం మందికి, తిరువనంతపురం, పాండిచ్చేరిల్లో పరీక్షించినవారిలో 66 శాతం మందికి లాక్టోజ్ సరిగా అరగదని తేలింది. అంటే దక్షిణాదిన గ్లాసెడు పాలు తాగి ఇబ్బంది పడేవారు అరుదేమీ కాదు. తూర్పు కనుమల్లో కోందులు, సవరల వంటి గిరిజనుల్లో ఆవుపాలు దూడవేనని, మనిషి పితుక్కోకూడదని ఒకప్పుడు గట్టిగా పాటించిన ఆచారం కూడా ఉంది. రోలుగుంట మండలంలోనే అర్ల పంచాయతీ వైపు కొండలెక్కితే, పాలకన్నా చోడి అంబలి మీదే ఎక్కువగా ఆధారపడి పెరిగిన తరాలు కనిపిస్తాయి.

లాక్టోజ్ మాత్రమే పడనివారికి ఒక ఊరట ఉంది. వాళ్ళలో చాలామంది ఒక పూటకు 12 గ్రాముల లాక్టోజ్ వరకు, అంటే దాదాపు కప్పు పాల దాకా, పెద్ద బాధ లేకుండా తట్టుకోగలరు. పెరుగు తోడుకునేటప్పుడు బాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించడంలోనూ సాయపడుతుంది. ఇక నెలల తరబడి మాగబెట్టిన చెడ్డార్, పర్మేసాన్ వంటి గట్టి చీజ్‌లలో లాక్టోజ్ దాదాపు ఉండదు. పాలు తాగితే కడుపు ఉబ్బుతోందని చీజ్, మజ్జిగ, నెయ్యి అన్నీ ఒక్కసారిగా మానేసినవాళ్ళు అనవసరంగా నోరు కట్టేసుకుంటున్నట్టే. ఎంతవరకు పడుతుందో డాక్టరును అడిగి, కొద్దికొద్దిగా తిని చూసుకోవచ్చు.

పాల అలర్జీ అలా కాదు. అక్కడ సమస్య చక్కెరతో కాదు, పాలలోని ప్రోటీన్లతో. కేసిన్, పాలవిరుగుడు నీటిలో ఉండే వే ప్రోటీన్ ఒంట్లోకి రాగానే శరీరం శత్రువు వచ్చినట్టు తిరగబడుతుంది. దద్దుర్లు, వాంతులు, పెదవుల వాపు, కొందరిలో ఊపిరి అందకపోవడం దాకా వెళుతుంది. ఎక్కువగా పసిపిల్లల్లో వస్తుంది, చాలామందికి పెరిగేకొద్దీ పోతుంది కూడా. ఆవుపాలు పడలేదని మేకపాలు పట్టించడం పల్లెల్లో చాలాచోట్ల ఉన్న అలవాటు. అది ప్రమాదం. ఆవుపాల అలర్జీ ఉన్నవారిలో అత్యధికులకు మేకపాలు, గేదెపాలు కూడా పడవు, ఎందుకంటే వాటి ప్రోటీన్లన్నీ దగ్గరి చుట్టాలే. ఇలాంటివారికి ఎంత మాగిన చీజ్ అయినా విషమే. పాలు లేని చీజ్ నిజంగా కావాల్సింది వీళ్ళకే.

బజారులో వీళ్ళకు పెద్ద ఉచ్చు అనలాగ్ అనే పదార్థం. పాల కొవ్వుకు బదులు పామాయిల్ వంటి చవక నూనె పోసి పనీరులా, మోజరెల్లాలా కనిపించేట్టు చేసిన దిమ్మలు హోటళ్ళకు, బేకరీలకు వెళుతుంటాయి. నూనెతో చేసిందని తెలియగానే ఇందులో పాలు లేవు కదా అనుకుంటారు. కానీ వాటిలో చాలావరకు పాలపొడో, కేసిన్ తాలూకు లవణమో కలుస్తుంది. కాఫీలో కలిపే నాన్ డెయిరీ పొడుల్లో కూడా తరచు కేసినేట్ ఉంటుంది. కాబట్టి అలర్జీ ఉన్న బిడ్డకు కొనేవారు ముందువైపు పేరు చూసి సరిపెట్టుకోకుండా ప్యాకెట్ తిప్పి వెనక చదవాలి. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసిన్, కేసినేట్ అన్న మాటల్లో ఏది కనిపించినా ఆ ప్యాకెట్ అక్కడే వదిలేయాలి. పాలు, సోయా, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు కలిసిన సరుకు మీద ఆ సంగతి విడిగా ప్రకటించాలని భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో చెప్పింది. 2022లో జంతు పదార్థాలు ఏవీ లేని వీగన్ ఆహారానికి ప్రత్యేక నిబంధనలు, ఆకుపచ్చ వి అక్షరంతో ఒక ముద్ర కూడా వచ్చాయి. శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క వేరు, ఈ ముద్ర వేరు. చుక్క ఉన్న ప్యాకెట్లో పాలు నిక్షేపంగా ఉండవచ్చు.

ఆ ముద్ర ఉన్న చీజ్ విశాఖలోని పెద్ద దుకాణాల్లోనో, ఆన్‌లైన్లోనో దొరుకుతుంది. కొని తిన్నవాళ్ళు సాధారణంగా మొదట అనే మాట, ఇది కరగడం లేదని, కరిగినా సాగడం లేదని. కారణం పాలలోనే ఉంది. కేసిన్ అణువులు పాలలో చిన్న చిన్న గుంపులుగా, కాల్షియం ఫాస్ఫేట్ అతుకుతో తేలుతుంటాయి. పాలను గడ్డకట్టించే రెనెట్ వేయగానే ఆ గుంపులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి, ఆ వలలో కొవ్వు చిక్కుకుంటుంది. వేడి తగలగానే కొవ్వు కరుగుతుంది, కేసిన్ పోగులు ఒకదాని మీద ఒకటి జారుతూ తీగపాకంలా సాగుతాయి. పప్పుల్లో, గింజల్లో ఉండే ప్రోటీన్లు అలాంటివి కావు. అవి ఉండలుగా చుట్టుకుని ఉంటాయి, వేడి చేస్తే కరగడానికి బదులు మరింత గట్టిపడతాయి. సోయాపాలు విరగ్గొట్టి చేసిన టోఫూను పెనం మీద ఎంతసేపు ఉంచినా ఎర్రగా వేగుతుందే తప్ప జారదు.

అందుకే కంపెనీలు ప్రోటీన్‌ను పక్కనపెట్టి పిండిని నమ్ముకున్నాయి. 2008లో కెనడాలోని వాంకూవర్‌లో మొదలైన డయా అనే కంపెనీ కర్రపెండలం పిండితో సాగే చీజ్ చేసి పేరు తెచ్చుకుంది. గ్రీసులో పుట్టిన వయోలైఫ్ కొబ్బరినూనె, పిండి కలిపి ముక్కలు, తురుము చేస్తోంది. కాలిఫోర్నియాలో మియోకో షినర్ మాత్రం జీడిపప్పును పులియబెట్టే దారి పట్టి, 2012లో దాని మీద పుస్తకం రాసి, 2014లో వ్యాపారం పెట్టింది. ఈ రెండు దారుల్లో తేడా నాలుకకే కాదు, ఒంటికీ తెలుస్తుంది. పాల చెడ్డార్‌లో 100 గ్రాములకు సుమారు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటే, కొబ్బరినూనె పిండి చీజ్‌లలో చాలావాటిలో గ్రాము కూడా ఉండదు. మిగిలేది ఉప్పు, పిండి, దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు ఉన్న నూనె. అప్పుడప్పుడు సరదాకు సరే, రోజూ బిడ్డకు పాలకు బదులుగా పెట్టదగ్గది కాదు. పైగా కొబ్బరినూనె 25 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ ప్యాకెట్ ఏమవుతుందో ఊహించవచ్చు.

కానీ ఈ సరుకంతా ఎక్కడిది? కర్రపెండలం సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో సగ్గుబియ్యమవుతుంది. కొబ్బరి కోనసీమ నుంచి ఉద్దానం దాకా కాస్తుంది. జీడితోటలు రోలుగుంట, గొలుగొండ కొండవాలుల్లోనే ఉన్నాయి, పలాస కాశీబుగ్గ నుంచి జీడిపప్పు దేశమంతా వెళుతుంది. విదేశీ ప్యాకెట్లో ఉన్న ముఖ్యమైన దినుసులన్నీ ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల బజార్లలో విడిగా దొరికేవే. పాలు పడని బిడ్డ ఉన్న ఇంటికి ఇంతకన్నా మంచి కబురు మరొకటి లేదు.

మియోకో షినర్ వంటివారు జీడిపప్పును పులియబెట్టడానికి మొలకెత్తిన ధాన్యం నానబెట్టిన పుల్లని నీళ్ళు వాడతారు. ఉత్తరాంధ్రలో అంతకన్నా పాతది, నమ్మకమైనది ఇంట్లోనే ఉంది. అదే తరవాణి. అన్నం వార్చిన గంజి, నీళ్ళు మట్టికుండలో పోసి పులియనిస్తే వచ్చే ఆ పుల్లని నీళ్ళలో పనిచేసేది లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియానే. పాలను పెరుగు చేసేది కూడా ఆ కుటుంబమే.

చేసే పద్ధతి కష్టమేమీ కాదు. గుళ్ళు అక్కర్లేదు, ధర తక్కువగా ఉండే విరిగిన ముక్కలు చాలు. కప్పు జీడిపప్పును మరిగే నీళ్ళలో వేసి ఐదు నిమిషాలు ఉడకనిచ్చి, ఆ నీళ్ళు వంపేసి, కాచి చల్లార్చిన నీళ్ళలో నాలుగైదు గంటలు నానబెట్టాలి. మిక్సీలో వీలైనంత తక్కువ నీళ్ళతో, రెండు వేళ్ళ మధ్య రాస్తే గరుకు తగలనంత మెత్తగా రుబ్బాలి. ఇక్కడ తొందరపడితే చివరిదాకా నోటికి ఇసుకలా తగులుతుంది. ఆ ముద్దలో రెండు చెంచాల తరవాణి కలిపి, శుభ్రంగా కడిగి ఎండబెట్టిన చిన్న జాడీలో వేసి, పల్చని గుడ్డ కట్టి ఉంచాలి. ఎండాకాలం పొద్దున కలిపితే సాయంత్రానికి, చలికాలం మర్నాటికి, ముద్ద లోపల సన్నని బుడగలు పడతాయి. పచ్చి జీడిపప్పు తియ్యటి వాసన పోయి దోసెల పిండి పులిసిన వాసన వస్తుంది. అప్పుడు ఉప్పు, నూరిన వెల్లుల్లి రెబ్బ కలిపి, పల్చని బట్టలో మూటకట్టి ఫ్రిజ్‌లో జల్లెడ మీద రాత్రంతా ఉంచితే నీరు దిగి, ముద్ద చాకుకు తెగేంత గట్టిపడుతుంది. రొట్టె మీద రాస్తే పుల్లగా, ఉప్పగా, కమ్మగా ఉంటుంది. మిరియాల పొడి చల్లితే ఇంకా బాగుంటుంది. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

పిజ్జా మీద సాగాలంటే ఇంకో మెట్టు ఉంది. సగ్గుబియ్యాన్ని మెత్తని పొడి చేసుకుని, అరకప్పు జీడిపప్పును కప్పు నీళ్ళతో రుబ్బిన పాలలో మూడు నాలుగు చెంచాలు కలపాలి. ఉప్పు, కాస్త తరవాణి వేసి సన్నని మంట మీద ఆపకుండా కలుపుతుంటే, మొదట ఉండలు కట్టి భయపెడుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా దగ్గరపడి గరిటెకు చుట్టుకుంటుంది. వేడివేడిగా దోసె మీద వేసి మూత పెడితే చివర్లు ఎర్రబడతాయి, చేత్తో తుంచితే తీగ సాగుతుంది. ఇది పాల చీజ్ కాదు, కానీ పుట్టినరోజు పళ్ళెంలో ఆ బిడ్డ పక్కవాళ్ళతో పాటు సాగదీసుకుని తినవచ్చు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. చాలా ఇళ్ళలో తరవాణిలోనో, చద్దన్నంలోనో మజ్జిగ కలిపేస్తారు. పాల అలర్జీ ఉన్నవారికి ఆ కుండ పనికిరాదు, మజ్జిగ చుక్క తగలని కొత్త కుండ పెట్టాలి. రెండోది, పచ్చి జీడిపప్పును వేడి చేయకుండా పులియబెట్టకూడదు. 2021లో అమెరికాలో జీడిపప్పుతో చేసిన ఒక రకం చీజ్ తిని నాలుగు రాష్ట్రాల్లో జనం సాల్మొనెల్లా బారిన పడ్డారు. ముందు మరిగే నీళ్ళలో వేయమన్నది అందుకే. గర్భిణులు, పసిపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పులియబెట్టిన రకం జోలికి వెళ్ళకుండా తరవాణికి బదులు నిమ్మరసం పిండుకోవడం మేలు. పైన గులాబీ రంగో, బూజో కనిపిస్తే గీకి వాడటం కాదు, మొత్తం పారేయాలి.

జీడిపప్పు కూడా పడని పిల్లలు ఉన్నారు, వేరుశనగ పడనివారూ ఉన్నారు. సోయా పడనివారికి టోఫూ దారి కూడా మూసుకుపోతుంది. అలాంటివారికి బర్మా వంట ఒకటి అక్కరకొస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి వేలాదిమంది రంగూన్‌కు కూలికి వెళ్ళారు, 1942లో జపాన్ దాడితో, ఆ తర్వాత 1960లలో అక్కడి ప్రభుత్వ విధానాలతో తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. ఆ బర్మాలో షాన్ ప్రాంతంవారు సోయా లేకుండా శనగపిండితోనే టోఫూ చేస్తారు. కప్పు శనగపిండిని మూడు కప్పుల నీళ్ళలో ఉండలు లేకుండా జారుగా కలిపి, ఉప్పు, చిటికెడు పసుపు వేసి, గరిటె నిలిచేంత చిక్కబడేదాకా ఉడికించి, నూనె రాసిన పళ్ళెంలో పోస్తే చల్లారేసరికి గడ్డకడుతుంది. ముక్కలు కోసి వేయిస్తే బయట కరకర, లోపల వెన్నలా ఉంటుంది. పనీరు వేసే ప్రతి కూరలోనూ వేయవచ్చు. విరగ్గొట్టడానికి ఏదీ అక్కర్లేదు, శనగపిండి ధర తప్ప ఖర్చూ లేదు. పాలు పడనివారి వంటల్లో ఇంత తేలికైనది, ఇంత తక్కువగా వాడుకలో ఉన్నది బహుశా ఇదే.

పాలకు బదులు వెతకడం కొత్త పనేమీ కాదు. పాలు ముట్టనని ఒట్టు పెట్టుకున్న గాంధీజీ 1918లో జబ్బుపడి, చివరికి మేకపాలకు ఒప్పుకున్నారు. ఆ తర్వాత కూడా వెతుకులాట ఆపలేదు. 1929 ఆంధ్ర పర్యటనలో రాజమండ్రిలో సుందరం గోపాలరావు పచ్చి ఆహార ప్రయోగాలు చూసి, తానూ మొదలుపెట్టారు. మొలకెత్తిన గోధుమలు, ముద్దగా నూరిన బాదం, ఆకుకూర, నిమ్మకాయలు, తేనె. గోధుమలకు బదులు శనగలు తిన్న రోజున బాదం ముద్ద స్థానంలో కొబ్బరిపాలు. జిగట విరేచనాలు పట్టుకుని, ఆగస్టులో మళ్ళీ మేకపాలకు వచ్చారు. బాదం ముద్దా, కొబ్బరిపాలూ రుచికి పాలను గుర్తు చేయవచ్చు, కానీ పాలు ఇచ్చేవన్నీ అవి ఇవ్వవు.

ఆ లోటు ముఖ్యంగా రెండింట్లో. మొదటిది కాల్షియం. పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన లెక్క. 200 మిల్లీలీటర్ల గేదెపాలలో దాదాపు 240 ఉంటుంది. జీడిపప్పులో కాల్షియం బహు తక్కువ, శనగపిండి కూడా ఆ లోటు పూడ్చేంత ఇవ్వదు. అది చోళ్ళలో ఉంది. పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్ళలో 364 మిల్లీగ్రాములు, తెల్ల నువ్వుల్లో 1280 దాకా, మునగాకులో 300 పైన. అంటే ఆ గ్లాసు పాల లెక్క అందుకోవడానికి దాదాపు 66 గ్రాముల చోడిపిండి కావాలి. పిండిని రాత్రి పులియబెట్టి పొద్దున అంబలి కాచే అలవాటు మంచిది, ఎందుకంటే కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు పులిస్తే తగ్గుతాయి. చేప తినేవారికి ముల్లుతో సహా నమిలే ఎండు నెత్తళ్ళు ఉన్నాయి.

రెండోది బి12 విటమిన్, ఇది ఇంకా గట్టి సమస్య. గుడ్డు, చేప, మాంసం తినని ఇంట్లో బి12 వచ్చే దారి పాలూ పెరుగే. ఆ రెండూ మానేశాక చోళ్ళూ, నువ్వులూ, జీడిపప్పూ, తరవాణీ ఏవీ దాన్ని నమ్మకంగా ఇవ్వలేవు. లోపం నెమ్మదిగా, ఏళ్ళమీద బయటపడుతుంది. అరికాళ్ళు తిమ్మిర్లు, నీరసం, రక్తహీనత. శాకాహారి కుటుంబంలో బిడ్డకు పాలు ఆపేసినప్పుడు డాక్టరును బి12 మాత్ర గురించి తప్పక అడగాలి. కొనే ప్యాకెట్ మీద బి12, కాల్షియం కలిపినట్టు రాసి ఉంటే ఆ రకమే ఎంచుకోవాలి.

పథ్యాలన్నీ ఒకటి కావన్నది కూడా ఇక్కడే చెప్పాలి. రోలుగుంటకు ఈశాన్యాన, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటింటా జీడిచెట్లూ, కొబ్బరిచెట్లూ ఉన్నాయి, వేలాదిమంది కిడ్నీ రోగులూ ఉన్నారు. వాళ్ళలో కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఫాస్ఫరస్, పొటాషియం తగ్గించమని చెబుతారు. మామూలు ప్రాసెస్డ్ చీజ్‌లో ఫాస్ఫేట్, ఉప్పు రెండూ ఎక్కువే, అందుకని అది మానేస్తారు. దాని బదులు జీడిపప్పు చీజ్ మొదలుపెడితే లాభం లేదు, జీడిపప్పులో ఫాస్ఫరస్, పొటాషియం రెండూ దండిగా ఉన్నాయి. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి వంటి చోట డయాలసిస్ చేయించుకునే మనిషికి ఇంట్లోవాళ్ళు ఏ రకం చీజ్ పెట్టాలనుకున్నా, ముందు రక్తపరీక్ష కాగితం పోషకాహార నిపుణులకు చూపించి, ఎంత ముక్క, వారానికి ఎన్నిసార్లు అని అడిగి రాయించుకోవాలి. శనగపిండి టోఫూకైనా అంతే.